కొత్త ఇంటి కిటికీలకు తెరలు: ఏ గదికి ఏవి బాగుంటాయి?

కొత్తిల్లు – విజయనగరం

సభ్యులందరికీ నమస్కారం. కంటోన్మెంటు వైపు మేము కట్టుకుంటున్న ఇల్లు పూర్తి కావచ్చింది. రంగులు వేయడం అయిపోయింది. గృహప్రవేశానికి ముందు తేల్చుకోవలసినవి కిటికీల తెరలే. ఇల్లు పడమటి ముఖం. హాలు వీధి వైపు ఉంది, దానికి రెండు పెద్ద కిటికీలు ఉన్నాయి. వాస్తు ప్రకారం ఆగ్నేయంలో వంటగది, నైరుతిలో మా పడకగది, వాయవ్యంలో పిల్లల గది వచ్చాయి. ఉత్తరం వైపు చిన్న చదువుల గది ఒకటి ఉంది.

దుకాణంలో ఇల్లంతటికీ ఒకే మెరూన్ రంగు గుడ్డ తీసుకోమని, అలా అయితే ఇల్లు నిండుగా కనిపిస్తుందని చెప్పారు. మావారికి బ్లైండ్స్ మీద మనసు ఉంది. మా అత్తగారు మాత్రం మన పక్కనే ఖద్దరుకు పేరున్న పొందూరు ఉండగా ఎక్కడిదో గుడ్డ ఎందుకని అంటున్నారు. ముగ్గురి మాటా కొట్టివేయలేను. ఇల్లు అందంగానూ ఉండాలి, వేసవిలో ఉడికిపోకుండానూ ఉండాలి. అనుభవం ఉన్నవారు గదుల వారీగా చెప్పగలరా?

నాగావళి ఒడ్డు – శ్రీకాకుళం

అమ్మా, గుడ్డ సంగతి కాసేపు పక్కన పెట్టి, ఏ కిటికీ మీద ఏ నెలలో, ఏ వేళకు ఎండ పడుతుందో ముందు చూసుకోండి. నేను భూగోళశాస్త్రం బోధించినవాణ్ణి కనుక ఈ విషయం కొంచెం విడమరచి చెబుతాను.

మా అరసవల్లి సూర్యదేవాలయంలో ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ ఉదయకిరణాలు గర్భగుడిలోని స్వామి పాదాలను తాకడం మీరందరూ ఎరిగినదే. ఆ రోజుల్లో సూర్యుడు దాదాపు నేరుగా తూర్పున ఉదయిస్తాడు. మే నెల వచ్చేసరికి ఉదయించే చోటు తూర్పు నుంచి ఉత్తరానికి బాగా జరుగుతుంది, అస్తమించే చోటు కూడా అలాగే పడమటి నుంచి ఉత్తరానికి జరుగుతుంది. మన ఊళ్లు సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి కాబట్టి, మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా నడిమధ్యాహ్నపు సూర్యుడు కూడా మన నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అందుచేత ఉత్తరపు కిటికీకి ఎండ రాదని చాలామంది అనుకునే మాట మన ప్రాంతంలో వేసవికి వర్తించదు. ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ ఆ కిటికీలోకి వస్తుంది. దక్షిణపు కిటికీ దీనికి భిన్నం. వేసవిలో దానికి చిన్న సజ్జ నీడ చాలు. డిసెంబరులో మాత్రం మధ్యాహ్నపు సూర్యుడు 48 డిగ్రీల ఎత్తుకే వస్తాడు కనుక, రెండడుగుల సజ్జ కింద నుంచి కూడా ఎండ లోపలికి పడుతుంది. ఆ ఎండ చలికాలంలో హాయిగానే ఉంటుంది, దానిని అడ్డుకోనక్కరలేదు.

ఇక మీ ఇంటికి వస్తే, అసలు చిక్కు నైరుతి పడకగదితోనూ పడమటి హాలుతోనూ ఉంది. మధ్యాహ్నం మూడు దాటాక సూర్యుడు కిందికి దిగి కిటికీకి ఎదురుగా నిలుస్తాడు. ఆ ఎండను సజ్జ ఆపలేదు. పైగా రోజంతా కాగిన గోడ వేడి రాత్రి దాకా గదిలోకి వస్తూనే ఉంటుంది. మీ డబ్బులో పెద్ద భాగం ఈ రెండు చోట్లే ఖర్చు పెట్టండి. తూర్పు, ఉత్తరపు కిటికీలకు సాదా గుడ్డ వేసినా సరిపోతుంది.

మరొక్క మాట. అద్దం దాటి లోపలికి వచ్చిన ఎండను లోపలి తెర ఎంత అడ్డుకున్నా, ఆ వేడిలో చాలా భాగం గదిలోనే మిగిలిపోతుంది. అదే ఎండను అద్దానికి బయటే ఆపితే గది నిజంగా చల్లబడుతుంది. కాబట్టి పడమటి వైపు వరండా గానీ, తెర కట్టడానికి వీలైన చోటు గానీ ఉంటే, బయటి తెరకే నా మొదటి ఓటు.

తెరల కుట్టుపని – విజయనగరం

మాస్టారు దిక్కుల సంగతి చక్కగా చెప్పారు. నేను కుట్టేవాడిగా కొలతల గురించి చెబుతాను. గుడ్డ ఎంత ఖరీదైనదైనా కొలత కుదరకపోతే తెర అందం రాదు.

కిటికీ వెడల్పు 4 అడుగులు అనుకుందాం. రాడ్డును రెండు వైపులా ఆరేసి అంగుళాలు బయటికి వచ్చేలా బిగిస్తే మొత్తం 5 అడుగులవుతుంది. అప్పుడు తెరలు పక్కకు లాగినప్పుడు గోడ మీదికి వెళ్లిపోతాయి, కిటికీ పూర్తిగా తెరుచుకుంటుంది, గాలికీ వెలుతురుకూ అడ్డు ఉండదు. ఇప్పుడు గుడ్డ సంగతి. తెరల గుడ్డ ఎక్కువగా 48 అంగుళాల పన్నాతో, అంటే వెడల్పుతో, వస్తుంది. రెండు పన్నాలు తీసుకుంటే 8 అడుగులు, అంటే రాడ్డు పొడవుకు ఒకటిన్నర రెట్ల పైచిలుకు. రింగుల తెరకు, గుడ్డ కొంచెం మందమైనదైతే, ఇది చాలు. పల్చటి గుడ్డకు, పైన కుచ్చులు పెట్టి కుట్టే తెరకు మూడు పన్నాలు వేయాలి. పల్చటి గుడ్డను పిసినారితనంగా రెండు పన్నాలతో కుట్టిస్తే, తెర మూసినప్పుడు మడతలు పోయి ఆరేసిన పంచెలా చదునుగా వేలాడుతుంది.

పొడవు విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. హాలులోనూ పడకగదుల్లోనూ తెర నేలకు అర అంగుళం పైదాకా రావాలి. కిటికీ గట్టు కిందికి నాలుగంగుళాలు దిగి ఆగిపోయే తెర, గది ఎత్తును సగానికి కోసినట్టు చూపిస్తుంది. రాడ్డును కూడా కిటికీ చట్రం మీదనే కాక, వీలైతే ఆరంగుళాలు పైకి బిగించండి. రాడ్డు నేలకు 90 అంగుళాల ఎత్తున ఉంటే పై మడతకు 4, కింది మడతకు 6 అంగుళాలు కలిపి ఒక్కో పన్నాకు దాదాపు 2.54 మీటర్ల గుడ్డ పడుతుంది. నూలు గుడ్డయితే కుట్టడానికి ముందే నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాలి. 5 శాతం కుంచించుకుపోయినా ఆ పొడవు మీద 5 అంగుళాలు పోతాయి. కొందరు తొందరలో ఈ పని వదిలేయమంటారు, నేను మాత్రం ఒప్పుకోను.

పొందూరు ఆడపడుచు

మీ అత్తగారి మాట చదివి సంతోషం కలిగింది. అయితే పొందూరు ఖద్దరు అనగానే అన్నీ ఒకటే అనుకోవద్దని నా మనవి. మా ఊరికి పేరు తెచ్చిన సన్నఖద్దరు వేరు. దాని పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, గింజ తీసి, ఏకి, చేత్తో వడికి, చేమగ్గం మీద నేస్తారు. నూరో నంబరు సన్న నూలుతో నేసే ఆ బట్ట ధోవతులకూ చీరలకూ తగినది. అంతమంది చేతి శ్రమ దాగిన బట్టను ఎండకు మాడేలా కిటికీకి వేలాడదీయడానికి నా మనసు ఒప్పదు. ఖరీదు కూడా తెరలకు భరించదగ్గది కాదు.

తెరలకు కావలసింది తక్కువ నంబరు నూలుతో నేసిన మోటు ఖద్దరు. దానిని కొనేటప్పుడు ఒక పని చేయండి. గుడ్డను దుకాణంలోని దీపం కింద చూడకుండా, గుమ్మం దగ్గరికి తీసుకువెళ్లి పగటి వెలుగుకు ఎదురుగా పట్టుకోండి. చేతి వడుకు కాబట్టి పోగు ఒకచోట లావుగా, మరొకచోట సన్నగా ఉంటుంది. వెలుతురు ఆ పోగుల మధ్య నుంచి ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా వడకట్టుకుని వస్తుంది. మిల్లు గుడ్డలో ఈ గుణం రాదు. తెల్లది గానీ, రంగు వేయని గోధుమ ఛాయది గానీ తీసుకుంటే తూర్పు గదిలో ఉదయపు వెలుగు ఎంతో మెత్తగా పడుతుంది. మీ ఇంట్లో ఉత్తరపు చదువుల గదికీ, తూర్పున ఏదైనా కిటికీ ఉంటే దానికీ ఇది వేయండి. పడమటి కిటికీకి మాత్రం వద్దు. తీవ్రమైన ఎండకు నూలు పోగు క్రమంగా బలం కోల్పోయి, ఉతికినప్పుడు చిరుగుతుంది. పట్టు అయితే ఇంకా త్వరగా పాడవుతుంది. పాత పట్టుచీరలతో తెరలు కుట్టించుకునేవారు వెనుక తప్పక నూలు లైనింగు వేయించుకోవాలి.

కొత్తిల్లు – విజయనగరం

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. చదువుల గదికి మోటు ఖద్దరు ఖాయం చేసుకున్నాము, అత్తగారు ఎంతో సంతోషించారు. అయితే పడమటి హాలుకు ఏమి చేయాలి? మావారు జీబ్రా బ్లైండ్స్ చూసి వచ్చారు. వీధిలో వెళ్లేవారికి లోపల కనిపించకూడదు, కానీ పగలంతా లైటు వేసుకుని కూర్చోవలసిన అవసరమూ రాకూడదు.

గృహాలంకరణ – శ్రీకాకుళం

బ్లైండ్స్ అన్నింటినీ ఒకే గాటన కట్టి చూడకూడదండీ. జీబ్రా బ్లైండ్‌లో పల్చటి పట్టీ, మందపు పట్టీ ఒకదాని తరువాత ఒకటి ఉంటాయి. రెండు పొరలను జరిపి వెలుతురును సర్దుకోవచ్చు. చూడడానికి ఆధునికంగా, గోడకు అంటుకున్నట్టు శుభ్రంగా ఉంటుంది. కానీ వీధి పక్కన హాలు అన్నారు. దుమ్ము ఆ రెండు పొరల మధ్య చేరితే విప్పి ఉతకడం కష్టం, తుడవడమూ కష్టమే. అదీగాక దానిని దించినప్పుడు గాలి లోపలికి రాదు. కరెంటు పోయిన సాయంత్రం కిటికీ తెరిచి ఉంచాలనుకుంటే, గాలికి అది చట్రానికి కొట్టుకుంటూ చప్పుడు చేస్తుంది.

హాలుకు నేను సూచించేది రెండు పొరల తెర. జంట రాడ్డు వేయించి, కిటికీ వైపు పల్చటి తెల్లని షీర్, గది వైపు లైనింగు ఉన్న మందపు తెర పెట్టుకోండి. పడమటి కిటికీకి షీర్ మాత్రం పాలిస్టరుదే తీసుకోండి. నూలు మీద ప్రేమ నాకూ ఉంది, కానీ ఎండకు తట్టుకోవడంలో, ఉతికిన వెంటనే ఆరిపోవడంలో పాలిస్టరు దానికన్నా మెరుగు. పగలు వెలుతురు బయట ఎక్కువగా ఉంటుంది కనుక షీర్ వెనుక ఉన్నవారు వీధిలోకి చూడగలరు, వీధిలోవారికి లోపల కనిపించదు. దీపాలు వెలిగించాక ఇది తలకిందులవుతుంది. అందుకే రెండో పొర తప్పనిసరి.

దుకాణంవారు చెప్పిన మెరూన్ గురించి కూడా ఒక మాట. ముదురు రంగు పడమటి ఎండకు త్వరగా వెలుస్తుంది. అది కూడా సమానంగా కాక, ఎండ తగిలే మడతల అంచుల వెంబడి చారలు చారలుగా వెలుస్తుంది. ఆ రంగు మీద ఇష్టం ఉంటే వెనుక తెల్లని లైనింగు వేయించండి. అద్దం వైపు తెలుపు ఉంటే ఎండలో కొంత భాగం మళ్లీ బయటికే పోతుంది, ముందున్న రంగూ నిలుస్తుంది. ఇల్లంతా ఒకే గుడ్డ అనే సలహాతో నేను ఏకీభవించను. ఒకే కుటుంబానికి చెందిన రంగులు చాలు, ఒకే గుడ్డ అక్కరలేదు.

మీ వారి కోరిక కూడా తీర్చవచ్చు. చదువుల గదిలో కంప్యూటరు పెట్టుకుంటే, ఖద్దరు తెర వెనుక చట్రం లోపల పైకి చుట్టుకునే సాదా రోలర్ బ్లైండ్ ఒకటి బిగించండి. వేసవి సాయంత్రాల్లో కంప్యూటరు తెర మీద పడే మెరుపు అప్పుడు బాధించదు.

కళింగపట్నం తీరం

సముద్రపు గాలి తగిలే ఊళ్లవారి కోసం కొంత చేరుస్తాను. ఇనుప రాడ్డుకు ఎంత మెరుపు పూత ఉన్నా, ఉప్పుగాలికి తుప్పు పట్టక మానదు. రింగుల నుంచి ఆ తుప్పు మరక గుడ్డకు అంటితే మామూలు సబ్బుకు వదలదు. కళింగపట్నం, భోగాపురం తీరాల వెంబడి ఇళ్లకు చెక్క రాడ్డు గానీ, అల్యూమినియం గానీ, మంచి స్టెయిన్‌లెస్ స్టీలు గానీ వాడుకోవడం మేలు. మేకులూ మరలూ కూడా తుప్పు పట్టనివే ఉండాలి. రాడ్డు మంచిది కొని, మర ఇనుపది బిగిస్తే అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది.

మాస్టారు బయటి తెర అన్నారు కదా, దానికి వెదురు తెరను మించినది లేదు. మా వరండాకు మేదరులు అల్లి ఇచ్చిన తెర కట్టాము. మిషను మీద చేసిన సన్న పుల్లల తెరలో పుల్లలన్నీ ఒకే కొలతలో ఉంటాయి. చేత్తో చీల్చిన బద్దల తెరలో పైపొట్టు ఉన్న వైపు నున్నగా, ఆకుపచ్చ ఛాయతో ఉండి, కొన్నాళ్లకు తేనెరంగుకు తిరుగుతుంది. ఆ పైపొట్టు వైపు బయటికి, వాన వైపుకు వచ్చేలా కట్టించుకోండి. నీరు దాని మీద నిలవదు. పచ్చి వెదురుకు తొలుచు పురుగు పడుతుంది కాబట్టి బోరాక్సు నీళ్లలో నానబెట్టి ఆరిన బద్దలతోనే అల్లమని అడగండి. వేసవిలో మధ్యాహ్నం దాని మీద నీళ్లు చల్లితే, పొడిగాలి వీచే రోజున లోపలికి వచ్చే గాలి చల్లబడుతుంది. తేమ ఎక్కువగా ఉండే మా తీరంలో ఆ ఫలితం తక్కువ, విజయనగరంలో మీకు ఎక్కువ కనిపించవచ్చు.

తుపాను హెచ్చరిక వచ్చిన వెంటనే ఆ తెరను విప్పి లోపల పెట్టేయాలి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. మా ఇంట్లో దసరా పనులతో పాటే బయటి తెరలు దించి ఆరబెట్టి దాచడం అలవాటు చేసుకున్నాము.

రాత్రి డ్యూటీ – పలాస

నేను రాత్రిళ్లు పనిచేసి పగలు నిద్రపోతాను. వెలుతురును పూర్తిగా ఆపే బ్లాకౌట్ తెర వేయించినా అంచుల నుంచి వెలుతురు వస్తూనే ఉంది. దీనికి మార్గం ఉందా?

తెరల కుట్టుపని – విజయనగరం

ఉందండీ. వెలుతురు వచ్చేది గుడ్డలో నుంచి కాదు, పైనుంచీ పక్కల నుంచీ. రాడ్డు రెండు కొసలూ గోడ వైపు వంగి ఉండే రకం తీసుకుని, తెర చివరి రింగును గోడకు కొట్టిన కొక్కేనికి తగిలించండి. రెండు వైపులా పదేసి అంగుళాలు బయటికి ఉండేలా చూసుకోండి. పైన రాడ్డును కప్పేలా చెక్కతో పెల్మెట్ పెట్టిస్తే పై సందు కూడా మూసుకుంటుంది. రెండు తెరలూ కలిసే చోట మూడంగుళాలు ఒకదాని మీద ఒకటి రావాలి.

గుడ్డ విషయంలో కూడా జాగ్రత్త. వెనుక రబ్బరులాంటి పూత ఉన్న బ్లాకౌట్ గుడ్డ చవక, కానీ మన వానాకాలపు తేమకు మడతపెట్టి ఉంచితే అతుక్కుపోతుంది, మిషనులో ఉతికితే పూత పొరలుగా లేస్తుంది. నల్లని పోగును మధ్యలో పెట్టి మూడు వరుసలుగా నేసినది అయితే ఉతుక్కోవచ్చు. నైరుతి పడకగదికి కొత్తిల్లు గారు కూడా దీనినే తీసుకోవాలని నా సలహా.

బొబ్బిలి పాతిల్లు

అందరూ అద్దాల కిటికీల గురించే మాట్లాడుతున్నారు. మాది పాతకాలపు మండువా ఇల్లు. నాలుగు రెక్కల టేకు కిటికీలు, ఊచలు, అద్దం అన్నది లేదు. ఇలాంటి కిటికీలకు నిలువునా పెద్ద తెర వేయడం వాటి అందాన్ని దాచేయడమే. మేము ఊచల ముందు సగం ఎత్తున సన్నని ఇత్తడి కడ్డీ బిగించి, కింది భాగానికి మాత్రమే కుచ్చుల తెర వేసుకున్నాము. వీధిలోవారికి కూర్చున్న మనుషులు కనిపించరు, పై రెక్కలు తెరిచి ఉంచితే గాలీ వెలుగూ నిరాటంకంగా వస్తాయి. గదిలో పైకి చేరిన వేడిగాలికి కూడా ఆ పై భాగమే దారి. విజయనగరం కోట పరిసరాల్లోని పాత ఇళ్లలో ఇలాంటి కిటికీలు ఇంకా ఉన్నాయి. వాటిని పీకి అద్దాలు పెట్టించేవారు ముందు ఈ సగం తెరను ఒకసారి వేసి చూడాలని కోరుతున్నాను.

ఇద్దరు పిల్లల తల్లి – చీపురుపల్లి

పిల్లల గదిని గురించి ఇంతవరకు ఎవరూ ప్రస్తావించలేదు. బ్లైండ్స్‌కు వేలాడే తాడుగానీ, గుండ్రంగా తిరిగే పూసల గొలుసుగానీ చిన్నపిల్లల మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. ఇది చప్పుడు లేకుండా, పక్క గదిలో ఉన్నవారికి కూడా తెలియకుండా జరిగిపోగలదు. పిల్లలు ఉన్న గదిలో తాడు లేని రకమే పెట్టాలి. ఇప్పటికే తాడు ఉన్నది బిగించి ఉంటే, గొలుసును గోడకు బిగుతుగా ఉండేలా క్లిప్పుతో పట్టించండి, తాడును పిల్లలకు అందని ఎత్తున కొక్కేనికి చుట్టండి. ఉయ్యాలనూ మంచాన్నీ కిటికీ పక్క నుంచి జరపండి. మా గదిలో మామూలు నూలు తెరలు ఉన్నాయి. పిల్లలు పట్టుకుని వేలాడినా గోడ నుంచి ఊడిరాకుండా బ్రాకెట్లకు పొడవైన మరలు వేయించాము.

గృహాలంకరణ – శ్రీకాకుళం

చాలా అవసరమైన మాట చెప్పారు. వంటగదికి కూడా జాగ్రత్తే ముఖ్యం. పొయ్యికి దగ్గరగా ఉన్న కిటికీకి గుడ్డ వేయనే వేయకండి. గాలికి ఎగిరి మంట మీద పడితే నూలు అంటుకుంటుంది, పాలిస్టరు కరిగి అంటుకుపోతుంది. పోపు జిడ్డు కూడా గుడ్డకు పట్టి వదలదు. అద్దానికి మసక ఫిల్ము అంటించినా చాలు, లేదా తడిగుడ్డతో తుడుచుకోగల అల్యూమినియం పట్టీల బ్లైండ్ పెట్టుకోవచ్చు. పూజ గదిలో దీపం పెట్టే చోటు విషయంలోనూ ఇదే మాట. స్నానాల గదికి మసక అద్దం చాలు.

కొత్తిల్లు – విజయనగరం

ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడుకున్నాము. హాలుకు జంట రాడ్డు, తెల్లని షీర్, ముందు లైనింగుతో మెరూన్ తెర. మా పడకగదికి మూడు వరుసల నేత బ్లాకౌట్. పిల్లల గదికి నూలు తెరలు. వంటగదికి మసక ఫిల్ము. చదువుల గదికి ఖద్దరు, దాని వెనుక రోలర్ బ్లైండ్. పడమటి వరండాకు వెదురు తెర చెబుతున్నాము. ఒక్క సందేహం మిగిలింది. పడకగది తెరకు బూడిద రంగా, లేత నీలమా అన్నది తేలడం లేదు. దుకాణంలో రెండూ బాగానే కనిపించాయి.

తెరల కుట్టుపని – విజయనగరం

దుకాణపు లైట్ల కింద తేల్చుకోకండమ్మా. రెండు రంగుల్లోనూ మీటరు చొప్పున ముక్కలు తెచ్చి, ఆ గది కిటికీకే పిన్నులతో తగిలించి ఒక పగలూ ఒక రాత్రీ ఉంచండి. నైరుతి గది కనుక సాయంత్రపు ఎండలో పసుపు ఛాయ ఎక్కువగా ఉంటుంది, అందులో బూడిద రంగు కొంచెం మట్టిరంగుకు తిరగవచ్చు. రాత్రి మీరు వాడబోయే బల్బు వేసి కూడా చూడండి. నచ్చినది చెప్పాక, రాడ్డు బిగించిన తరువాత కొలతలకు నేనే వస్తాను. బిగించక ముందు తీసిన కొలతతో గుడ్డ కోయను. మొత్తం గుడ్డ ఒకే తానులోంచి కోయించుకోండి, తానుకూ తానుకూ రంగులో తేడా వస్తుంది.